చర్చి హాలు కొలతలు

శనివారం. ఆఫీసు లేదు కాబట్టి తొమ్మిదింటికల్లా విశాఖ ఒడ్డున జాలర్లుండే పెదజాలారిపేట వైపున్న చర్చికి చేరిపోయాం. నేను, కాలేజీలో నాతో చదివిన ఇద్దరు ఆర్కిటెక్టులు, మా స్ట్రక్చరల్ ఇంజినీరు. ఎవరికీ ఫీజు లేదు. భోజనం మాత్రం సంఘంవాళ్లదే, అందులో మొహమాటం లేదు. ఇవాళ చేపల పులుసని ముందే తెలిసింది, అందుకే ఒక్కరూ ఆలస్యం చెయ్యలేదు.

చర్చి వెనకున్న కమ్యూనిటీ హాలుని పెంచాలి. తుపాను హెచ్చరిక రాగానే ఒడ్డునున్న కుటుంబాలు మందిరానికే వస్తాయి. రాత్రిపూట పిల్లల్నీ ముసలివాళ్లనీ వెంటబెట్టుకుని నడిచి చేరగలిగింది ఇదొక్కటే. పాస్టరు అయ్యగారి మనసులో ఉన్నది పైన ఇంకో అంతస్తు, ముందువైపు నిలువెత్తు అద్దాలు. ఎక్కడో తీసిన పెద్ద చర్చి ఫొటో ఫోన్లో చూపించారు.

"అద్దాలు వద్దండి అయ్యగారూ" అన్నాడు ఇంజినీరు, వందనాలు చెప్పినంత మర్యాదగా. గాలికి ఒక్క అద్దం పగిలితే చాలు, లోపలికి దూరిన గాలి కప్పుని కిందనుంచి తోస్తుంది. పైనుంచి పోయే గాలి అదే కప్పుని పీకుతుంటుంది. ఇక లెక్కలు. విశాఖలో కట్టే భవనాలకి మన దేశపు నిర్మాణ ప్రమాణం (కోడు) చెప్పే గాలి వేగం సెకనుకి 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. 2014లో హుద్‌హుద్ తుపాను దాదాపు ఆ వేగంతోనే కొట్టింది. ఆ కోడులో గాలి లెక్కలుండేది ఐఎస్ 875 మూడో భాగం, 2015లో మార్చిన దాని ప్రకారం, తుపాను తర్వాత కూడా నిలబడి పనిచెయ్యాల్సిన కట్టడాలకి ఆ వేగాన్ని 1.3 రెట్లు చేసి లెక్కగట్టాలి. వేగం 1.3 రెట్లయితే గోడ మీద ఒత్తిడి దాదాపు 1.7 రెట్లవుతుంది.

అయ్యగారు అంతా విని, "అయితే దేవుడి మందిరానికీ మినహాయింపు లేదన్నమాట" అని నవ్వారు. అద్దాల ఊసు మళ్లీ రాలేదు.

సంఘ పెద్ద ఒకాయన, చేపల వేట మానేసి చాలా కాలమైందట, 2014 హుద్‌హుద్ నాటి సంగతి చెప్పాడు. అక్టోబరు 12, ఆదివారం. "మద్దేనం దాకా ఒకటే మోత బాబూ. ఉన్నట్టుండి గాలి ఆగిపోనాది. అయిపోనాదని కుర్రోళ్లు బయటికెళ్నారు. అప్పుడు కొట్టింది, ఈసారి అటేపు నుంచి." తుపాను కన్ను ఊరి మీదుగా పోయిందంటే జరిగేది ఇదే. ఇది చదువుకున్న విషయమే అయినా, ఆయన చెయ్యి ముందు కొండ వైపు, తర్వాత సముద్రం వైపు చూపించేసరికి హాలుకున్న ఒకే ఒక గుమ్మం మీదికి అందరి చూపూ పోయింది. అది సరిగ్గా సముద్రానికి ఎదురుగా ఉంది. రెండో వైపు కూడా తలుపు పెట్టాలని అక్కడికక్కడే రాసుకున్నాం.

తర్వాత పాత కట్టడం సంగతి చూశాం. కిటికీ మీది సన్‌షేడ్‌ని స్క్రూడ్రైవరుతో పొడిచాను. అరచేయంత పెచ్చు ఊడి కాళ్ల దగ్గర పడింది. లోపలి ఊచ పొరలు పొరలుగా రేగి, వేలితో రుద్దితే ఇటుక రంగు పొడి రాలుతోంది. ఊచ మీద కాంక్రీటు కవరు కొలిస్తే అర అంగుళం కూడా లేదు. ఉప్పుగాలికి బయటపడి ఉండే కాంక్రీటుకి 45 మిల్లీమీటర్ల కవరు ఉండాలి, ఎం30 అనే గట్టి కాంక్రీటు మిక్స్ వాడాలి. పక్కనున్న మేస్త్రి "అప్పట్లో ఎవరు చూశారండీ" అన్నాడు. ఇప్పుడు మాత్రం ఎవరు చూస్తున్నారు? బీచ్ రోడ్డులో కొత్త అపార్ట్‌మెంట్ల బాల్కనీలు చూస్తే నాకు అదే టెన్షన్.

అసలు పని భోజనాలయ్యాక జరిగింది. స్త్రీల సమాజం నుంచి ఏడెనిమిది మంది వచ్చారు. మా వాడు లాప్‌టాప్‌లో త్రీడీ బొమ్మ తిప్పుతుంటే ఒకావిడ, "గాలి ఒక్కరోజేనమ్మా. ఆ తర్వాత ఎలా బతికామో అది అడగండి" అంది. కరెంటు స్తంభాలు పడిపోయి మోటారు ఆడలేదు. బోరు నిండా నీళ్లున్నా ట్యాంకరు కోసం బిందెలు పట్టుకుని నిలబడ్డారట. బోరుకి ఒక చేతిపంపు కావాలి, అంతే. సోలారు, జనరేటరు అంటూ మేం వేసిన జాబితాలో చేతిపంపు లేనేలేదు. ఇప్పుడు అన్నిటికంటే పైన ఉంది.

మరుగుదొడ్ల మాట ఎత్తేసరికి అందరూ ఒక్కసారే మాట్లాడారు. పాతవి హాలు బయట, చీకట్లో ఉన్నాయి. అటు వెళ్లాల్సొస్తుందని రాత్రి నీళ్లు తాగడమే మానేశారట. విపత్తు సహాయానికి అంతర్జాతీయంగా వాడే స్ఫియర్ ప్రమాణాల పుస్తకంలో ఇరవై మందికి ఒక మరుగుదొడ్డి, మగవాళ్లకి ఒకటైతే ఆడవాళ్లకి మూడు అని ఉంటుంది. ఆ పుస్తకం పేరు వినని వీళ్లు అడిగిందీ దాదాపు అంతే. అదే పుస్తకం పడుకోవడానికి మనిషికి 3.5 చదరపు మీటర్లు ఇవ్వమంటుంది. మా హాలు పన్నెండు మీటర్ల పొడవు, ఎనిమిది వెడల్పు. ఆ లెక్కన పట్టేది 27 మంది. హుద్‌హుద్ రాత్రి ఇక్కడ కాళ్లు చాపుకునే చోటే లేదు.

అయితే వీళ్లు చెప్పినదాన్నిబట్టి వారాల తరబడి ఇక్కడ పడుకునేవాళ్లు కొద్దిమందే. మిగతావాళ్లు తెల్లారగానే ఇంటి రేకులు, వలలు వెతుక్కోవడానికి పోతారు. అన్నానికి, నీళ్లకి, ఫోన్ ఛార్జింగుకి తిరిగొస్తారు. అంటే మాకు కావలసింది పెద్ద పడక హాలు కాదు. పెద్ద వంటిల్లు, తడవని స్టోరు. ఒకావిడ సుద్దముక్క తీసుకుని నేల మీద పొయ్యిలు గీసింది. ఇంకొకావిడని పిలిచి, ఇద్దరూ లేని అన్నం డేక్షాని చెరోవైపు పట్టుకున్నట్టు నడిచి చూపించారు. టేపు పెట్టి కొలిచాం, తలుపు నాలుగడుగులు ఉండాలి. చక్రాల కుర్చీ కోసం అడుగు ఎత్తుకి పన్నెండడుగుల పొడవు వాలులో మేం గీసిన ర్యాంపు చూసి, "బియ్యం బస్తాల బండి కూడా ఎక్కుద్ది" అని సంతోషపడ్డారు.

ఒడ్డుకి ఇంత దగ్గర కాబట్టి సీఆర్‌జెడ్, అంటే తీరంలో కట్టడాల మీదున్న నియమాల అనుమతి గొడవ ఒకటుంది. దాని గురించి రాయడం మొదలుపెడితే ఈ డైరీ నిండిపోతుంది.

రాత్రి ఇంజినీరు ఫోన్ చేశాడు. పొద్దున పునాది పక్కన తవ్వించిన గొయ్యి కొలతలతో లెక్క వేశాడట. పాత ఫుటింగులు, అంటే స్తంభాల కింది పునాది దిమ్మలు, పై అంతస్తుని మొయ్యలేవు. పక్కకే పెంచాలి, అంటే షటిల్ కోర్టు ఉన్న జాగాలోకి. రేపు ఆరాధన అయ్యాక చెప్పాలి. అయ్యగారు ఒప్పుకుంటారు. పేచీ అంతా యవనస్తులతోనే.