అమ్మమ్మ మొక్కు తీర్చడానికి మేడారం

నా బిడ్డ కడుపులో ఉన్నప్పుడు అమ్మ మేడారం వనదేవత సమ్మక్కకు మొక్కుకుంది. కాన్పు సుఖంగా అయితే పుట్టిన పిల్ల నిలువెత్తు బంగారం ఇస్తానని. మేడారంలో బంగారమంటే బెల్లమని మా వైపు వాళ్లకు చెప్పక్కర్లేదు. జాతర రెండేళ్లకోసారి కాబట్టి, ఒకసారి తప్పిందంటే మళ్లీ రెండేళ్లు ఆగాలి. ఒకసారి నాకు సెలవు దొరకలేదు, ఇంకోసారి కరోనా భయం. 2024 ఫిబ్రవరి జాతరకు మాత్రం అమ్మ ఊరుకోలేదు. "పిల్ల పెరుగుతాంది, బంగారం గూడ పెరుగుతాంది. ఇంకెన్నడు ఇస్తరే?" అంది.

పరకాల దగ్గర మా ఊళ్లో, ఇంటి ముందు వేపచెట్టుకు కాంటా కట్టారు. ఒక పళ్లెంలో మనిషి, ఇంకో పళ్లెంలో బెల్లం ముద్దలు. వాడకట్టు మొత్తం చూస్తోంది. మా అమ్మాయి ఆరో తరగతి, హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన పిల్ల. నలుగురిలో తన బరువు తూచడమేమిటని మొహం ముడుచుకుని లోపలికి పోయింది. నేనైతే గద్దించేదాన్నే. అమ్మ ఏమీ అనలేదు. కొంగు నడుముకు చుట్టి తనే వెళ్లి కాంటాలో కూర్చుంది. "ఎయ్యుర్రి బెల్లం. నా బరువెంతో ఊరంత సూడనీ!" కొమ్మ కిర్రుమంది, దుకాణపాయన తెచ్చిన బెల్లం చాల్లేదు, అందరూ ఒకటే నవ్వు. లోపలున్న పిల్ల కిటికీలోంచి చూసి తనూ నవ్వింది. ఆ తర్వాత పిలవకుండానే వచ్చి కూర్చుంది.

ఆ బెల్లంలో సగం అక్కడే వాడకట్టుకు పంచారు. కులం, పాత పంచాయితీ ఏదీ చూడకుండా ప్రతి గడపకూ పంపింది అమ్మ. మాతో మాటల్లేని ఇంటికి మా అమ్మాయి చేతనే పంపింది.

మొక్కు అంటే దేవుడితో బేరమని కాలేజీ రోజుల్లో నేను అమ్మతో వాదించేదాన్ని. ఇప్పటికీ నా అనుమానాలు నాకున్నాయి. బస్సులో అదే మాట మళ్లీ అంటే, "బేరమైతే పనయినంక ఎగ్గొట్టేటోళ్లు లేరా? పదకొండేండ్లు యాదుంచుకున్న గదా" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఆర్టీసీ బస్సు కిక్కిరిసి ఉంది. ఆడవాళ్లకు ఉచిత ప్రయాణం వచ్చాక మొదటి జాతర అది. అమ్మ చిన్నప్పుడు ఎడ్లబండి మీద, దారిలో వండుకుంటూ వెళ్లేవారట. ములుగు దగ్గర గట్టమ్మకు మొక్కి ముందుకు సాగాం. జంపన్న వాగులో స్నానం చేస్తుంటే అమ్మాయి కథ అడిగింది. కరువులో కప్పం కట్టలేని మేడారం మీదికి కాకతీయ సైన్యం రావడం, సమ్మక్క భర్త పగిడిద్దరాజు, కూతుళ్లు సారలమ్మ, నాగులమ్మ, అల్లుడు గోవిందరాజులు నేలకొరగడం, కొడుకు జంపన్న ఈ సంపెంగ వాగులో పడిపోవడం, వెన్నుపోటు తగిలిన సమ్మక్క చిలకలగుట్ట వైపు వెళ్లి నాగవృక్షం కింద కుంకుమ భరిణగా దొరకడం, అన్నీ చెప్పింది అమ్మ.

"అంటే ఓడిపోయారు కదా అమ్మమ్మా! మరి ఎందుకు మొక్కుతారు?"

"గెలిచిన రాజుకు జాతరయితాందా మరి?" అంటూ అమ్మ పిల్ల తల తుడిచింది.

మేం వెళ్లింది శుక్రవారం. బుధవారమే కన్నెపల్లి నుంచి సారలమ్మ, గురువారం చిలకలగుట్ట నుంచి సమ్మక్క వచ్చేశారు. గుట్ట దగ్గర గాలిలోకి పోలీసుల కాల్పులతో తల్లికి ప్రభుత్వ స్వాగతం పలుకుతారు. బిడ్డ ముందొచ్చి కూర్చుంటుంది, తల్లి మర్నాడు వస్తుంది. ఎవరి గద్దె వారిదే. పూనుగొండ్ల నుంచి భర్త పగిడిద్దరాజు వచ్చినా పెద్ద గద్దె సమ్మక్కదే. నాకు ఈ కుటుంబం మొదటి నుంచీ ఇష్టం.

గద్దెల దగ్గర విగ్రహం లేదు. వెదురు కర్రలు, పసుపు, కుంకుమ, మోకాళ్లెత్తు బెల్లం. జనం దూరం నుంచి విసిరే ముద్దలు, కొబ్బరికాయలు తగలకుండా లోపలి సిబ్బంది హెల్మెట్లు పెట్టుకున్నారు. మా అమ్మాయి విసరబోతే అమ్మ చెయ్యి పట్టుకుంది. "ఎవలికన్న తాకుతది బిడ్డా, అందియ్యి." తోపులాటలో నిలబడి, హెల్మెట్ మనిషి ఇటు తిరిగేదాకా ఆగి, ముద్ద చేతికి అందించింది పిల్ల. చేతులు జిగురు జిగురు. వెనక నుంచి నా వీపు మీద ఎవరిదో మోచెయ్యి. నేను ఏం మొక్కుకున్నానో నాకే గుర్తు లేదు.

హైదరాబాద్ వచ్చాక అపార్ట్‌మెంట్‌లో పొట్లాలు పంచే పని అమ్మాయి తీసుకుంది. మొదటి పొట్లం వాచ్‌మన్ ఇంటికి. పై అంతస్తులో ఉత్తరాదివాళ్లు ఏ గుడి అని అడిగితే గుమ్మంలోనే నిలబడి హిందీలో కథ మొదలుపెట్టిందట. ఆ సాయంత్రం ఫోన్‌లో అమ్మమ్మకు అప్పజెబుతూ జంపన్నను సమ్మక్క తమ్ముణ్ని చేసేసింది.

"తమ్ముడు గాదు, కొడుకు! పోయి మల్ల చెప్పిరా" అంది అమ్మ.

చెప్పులేసుకుని మళ్లీ పైకి వెళ్లింది.