హత్య నవల వెనక రెండో పెళ్లి

రక్తపాతం ఉన్న క్రైమ్ కథలు నాకు పడవు, టీ తాగుతూ చదువుకునే పల్లెటూరి హత్యలే ఇష్టం. నిన్న రాత్రి అగాథా క్రిస్టీ 'ది మర్డర్ ఎట్ ద వికరేజ్' మళ్లీ తీశాను. మిస్ మార్పుల్ అనే డిటెక్టివ్ ముసలావిడ కనిపించే మొదటి నవల, 1930ది. ఊళ్లో ఎవరికీ గిట్టని కల్నల్ ఒకాయన చర్చి ఫాదర్ గారింట్లో రాతబల్ల మీద వాలి చచ్చిపడి ఉంటాడు, ఇక తోటపని చేసుకుంటూనే అందరినీ గమనించే ముసలావిడ రంగంలోకి దిగుతుంది (మన అరుగు మీద మామ్మగారే అనుకోండి!).

అసలు నాకింకా నచ్చేది రచయిత్రి కథ. 1928లో విడాకులు, ఒంటరిగా రైలెక్కి బాగ్దాద్ ప్రయాణం, 1930లో ఇరాక్‌లోని ఊర్ అనే ప్రాచీన నగరం తవ్వకాల దగ్గర తనకన్నా 13 ఏళ్లు చిన్నవాడైన పురావస్తు శాస్త్రవేత్త మాక్స్ మలోవన్ పరిచయం, అదే సెప్టెంబరులో పెళ్లి. నవలేమో అక్టోబరులో వచ్చింది! 1976లో ఆవిడ పోయేదాకా కలిసే ఉన్నారు.