కోడ్ వచ్చిందని సెన్సర్ కొనేయకండి: పాత పికప్‌లో ముందు వైరు, తర్వాతే పార్టు

కామన్ రైల్ ఇంజిన్ (ఇంజెక్టర్లన్నిటికీ రైల్ అనే ఒకే గొట్టం నుంచి అధిక పీడనంతో డీజిల్ అందేది) ఉన్న పాత బొలెరో పికప్‌లో చెక్ లైట్ వెలిగితే మన చిత్తూరు వైపు జరిగేది దాదాపు ఒకటే. కోడ్లు చదివే స్కానర్ పెడతారు, పి0118 అని వస్తుంది, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే నీళ్లు) ఉష్ణోగ్రత చూసే సెన్సర్ పోయిందంటారు, కొత్తది వేస్తారు. లైటు మళ్లీ వెలుగుతుంది. ఎందుకంటే ఆ కోడ్ సెన్సర్ పోయిందని చెప్పదు. ఆ సర్క్యూట్‌లో వోల్టేజి ఉండాల్సినదానికంటే ఎక్కువ ఉందంటుంది, అంతే. సెన్సర్ లోపల తెగినా, కప్లర్ (సెన్సర్‌కు తగిలించే వైరు ప్లగ్గు) పిన్ను వదులైనా, వైరు తెగినా అదే కోడ్.

అందుకే మొదట బ్యాటరీ. ఇంజిన్ ఆఫ్‌లో 12.4 వోల్టులకు తగ్గకూడదు, స్టార్టయ్యాక 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. తర్వాత మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాక్ మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు దాటితే ఎర్త్ కేబుల్ బోల్టు విప్పి, తుప్పు గీకి బిగించాలి. సంబంధం లేని కోడ్లు నాలుగైదు ఒకేసారి వస్తే నేనైతే ముందు ఇక్కడే చూస్తాను. మామిడి తోటల్లో రాత్రిళ్లు నిలబెట్టే బండ్లకు ఎలుకల బెడద కూడా ఉంటుంది. వైరింగ్ మీది టేపు పైకి బాగానే కనిపించినా కింద రాగి తేలి ఉండొచ్చు.

కూలెంట్ సెన్సర్‌ని పట్టుకోవడం చాలా తేలిక. రాత్రంతా నిలబెట్టిన బండికి పొద్దున్నే తాళం ఆన్ చేసి, స్టార్ట్ చేయకుండా, స్కానర్‌లో కూలెంట్, ఇంటేక్ గాలి ఉష్ణోగ్రతలు రెండూ చూడండి. రెండు మూడు డిగ్రీల తేడాలో ఉండాలి. ఒకటి 30, ఇంకొకటి 55 చూపిస్తే తప్పు దేనిదో బయటి ఎండే చెప్పేస్తుంది. ఓమ్స్‌లో కొలిస్తే, బాష్ రకం రెండు వైర్ల సెన్సర్ 20 డిగ్రీల దగ్గర సుమారు 2500, 30 దగ్గర 1700, 80 దగ్గర 320 చూపించాలి.

అసలైన పరీక్ష కప్లర్ దగ్గర. పి0118 ఉన్నప్పుడు కప్లర్ పీకి, వైరు వైపున్న దాని రెండు పిన్నులనూ చిన్న వైరు ముక్కతో కలపండి. కోడ్ పి0117కు (వోల్టేజి మరీ తక్కువ ఉందని) మారితే వైర్లు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) బాగున్నట్టే, సెన్సరే పోయింది. మారకుండా 0118 అలాగే ఉంటే కొత్త సెన్సర్ దండగ, వైరు ఎక్కడో తెగింది. కొన్ని ఈసీయూలు తప్పు దొరకగానే లైవ్ డేటాలో సొంతంగా ఒక ఉష్ణోగ్రత అంకె వేసేస్తాయి, అందుకని అంకెను కాక కోడ్‌ను నమ్మండి. ఈ కిటుకు రెండు వైర్ల ఉష్ణోగ్రత సెన్సర్‌కే. మూడు వైర్ల వాటిలో పిన్నులు కలపొద్దు.

ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టి ఈసీయూకు చెప్పే క్రాంక్ సెన్సర్ కథ వేరు. తోతాపురి లోడుతో మొగిలి ఘాట్ ఎక్కుతుంటే బండి తాళం తీసేసినట్టు ఠక్కున ఆగుతుంది, అరగంట ఆగితే మళ్లీ స్టార్టవుతుంది. షెడ్డుకు తెచ్చేసరికి అన్నీ బాగుంటాయి. సెన్సర్ లోపలి చుట్ట వేడికి విడిపోయి, చల్లారాక మళ్లీ కలుసుకుంటుంది. డీజిల్ అందకపోతే అలా ఆగదు, ముందు జర్కులిస్తుంది. కాబట్టి ఆగినచోటే సెల్ఫ్ కొడుతూ స్కానర్‌లో ఆర్‌పీఎం చూడండి. ఇంజిన్ తిరుగుతున్నా సున్నా ఉంటే సెన్సర్, దాని వైరు, రెంటిలో ఒకటి. తడిగుడ్డతో సెన్సర్‌ను చల్లార్చగానే స్టార్టయితే అనుమానం సెన్సర్ మీదికే పోతుంది. రెండు వైర్ల రకంలో చల్లగా ఉన్నప్పుడు 860 ఓమ్స్ చుట్టూ రావడం మామూలే. చల్లటి కొలత బాగుందని దాన్ని వదిలేయకండి. కొత్తది కొనే ముందు మొనకు అంటిన ఇనుప రజను తుడవండి. లోపల చుట్టకు బదులు చిప్ ఉండే మూడు వైర్ల హాల్ రకాన్ని ఓమ్స్‌లో కొలిచి లాభం లేదు.

ఇంజిన్‌లోకి వెళ్లే గాలి పీడనం కొలిచే మ్యాప్ సెన్సర్‌కు మన కొండలే కొలబద్ద. ఇంజిన్ ఆపి తాళం ఆన్ చేస్తే అది చూపాల్సింది బయటి గాలి పీడనమే. తిరుపతిలో 98, 99 కిలోపాస్కల్స్, మదనపల్లెలో 93 చుట్టూ, తిరుమల కొండ మీద 91, 92. తిరుపతిలోనే 85 చూపిస్తే అది తప్పు.

మూడు వైర్ల సెన్సర్లకు ఈసీయూ ఇచ్చే 5 వోల్టులు చాలా బండ్లలో కొన్నిటికి ఉమ్మడిగా వెళ్తాయి. ఒకటి షార్టయితే మిగతావీ కోడ్లు పెడతాయి. ఒక్కొక్క కప్లరే పీకుతూ, 5 వోల్టులు ఎప్పుడు తిరిగొస్తాయో చూడండి.

రైల్ ప్రెషర్ సెన్సర్‌ను మాత్రం ఇంట్లో విప్పొద్దు. ఐడిల్‌లోనే రైల్లో 250 బార్‌కు పైగా ఉంటుంది, ఆ డీజిల్ చర్మం చీల్చుకుని లోపలికి పోతుంది.

పార్టు కొనేటప్పుడు పాత సెన్సర్ మీది నంబరు చూపించే కొనండి. కూలెంట్ సెన్సర్ విప్పేది ఇంజిన్ పూర్తిగా చల్లారాకే, బిగించాక గాలి తీసి కూలెంట్ నింపాలి. క్రాంక్ సెన్సర్ ఓ-రింగుకు కాస్త ఇంజిన్ ఆయిల్ రాసి చేత్తో నొక్కాలి, సుత్తి తగలకూడదు. కోడ్లు చెరిపేశాక ఖాళీ బండిని బైపాస్ మీద తిప్పితే చాలదు. లోడుతో ఘాట్ ఎక్కించి, ఇంజిన్ వేడిగా ఉండగానే పెండింగ్ కోడ్లు (లైటు ఇంకా వెలగకపోయినా ఈసీయూ గుర్తుపెట్టుకున్నవి) చూడండి. అప్పటిదాకా పాత సెన్సర్ పారేయకండి.