మూడు సెంటీమీటర్లు, ఏడడుగుల సిమెంటు

2024 మార్చిలో గ్లాస్గోలో జరిగిన ప్రపంచ ఇండోర్ అథ్లెటిక్స్ పోటీల్లోని ఆడవాళ్ల షాట్‌పుట్ వీడియో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. కెనడా అమ్మాయి సారా మిట్టన్ 20.22 మీటర్లు విసిరి గెలిచింది. జర్మనీకి చెందిన యెమిసి ఒగున్‌లేయేది 20.19. ఇద్దరికీ మధ్య మూడు సెంటీమీటర్లు, రెండు వేళ్ల మందం! మూడో స్థానం అమెరికా చేజ్ జాక్సన్‌ది, 19.67.

నేను చూసేది మాత్రం వాళ్ల పాదాలే. ముగ్గురూ గిర్రున తిరిగి విసిరేవాళ్లే. సర్కిల్ అడ్డం 2.135 మీటర్లు, మన లెక్కలో ఏడడుగులు. నాలుగు కిలోల గుండు మెడకి ఆనించుకుని, ఆ ఏడడుగుల్లోనే తిరిగి, సర్కిల్ ముందు అంచున ఉండే అడ్డుచెక్క, అంటే స్టాప్‌బోర్డు, దగ్గర కాలు బిగబట్టి వదలాలి. బూటు సిమెంటు మీద జారాలి, ఎంత కావాలో అంతే జారాలి. ఆ కాలు నిలిచే క్షణం దగ్గర వీడియో ఆపి ఆపి చూస్తాను.

మాది కోనసీమ, రాజోలు వైపు. నేను చదువుకునేటప్పుడు మా డ్రిల్ మాస్టారు ముగ్గుపిండితో సున్నా గీసేవారు, అదే మాకు సర్కిల్. నేలంతా ఒండ్రుమట్టి. వానాకాలంలో గుండు దబ్బున పడి సగం దిగబడిపోయేది. వేళ్లతో పెకలించి, కాలవ గట్టుకి తీసికెళ్లి, కొబ్బరిపీచుతో రుద్ది కడిగితేగాని పట్టు దొరికేది కాదు. కానీ ఆ గొయ్యి ఎంత చక్కగా ఉండేదో! దూరం కొలిచేటప్పుడు ఎవరితోనూ తగాదా వచ్చేది కాదు. ఇండోర్‌లో అయితే నేల దెబ్బతినకుండా గుండుకి మెత్తటి ప్లాస్టిక్ తొడుగో, రబ్బరు తొడుగో ఉంటుంది.

బురదలో గిర్రున తిరిగితే పడిపోతాం. అందుకని మాస్టారు నాకు గ్లైడ్ నేర్పారు. వెనక్కి తిరిగి వంగి, ఒంటికాలి మీద వెనక్కి జరిగి విసరడం. పదో తరగతిలో జిల్లా పోటీలకి వెళ్తే అక్కడ సిమెంటు సర్కిల్ ఉంది. గుండు పట్టుకుని సిమెంటు మీద నిలబడటం నాకు అదే మొదటిసారి. కాలికి కాన్వాస్ బూట్లు. మొదటి విసురుకే జారి స్టాప్‌బోర్డు దాటేశాను. ఆ తర్వాత టెన్షన్. మూడూ ఫౌలే. ఇంటికొచ్చేదాకా బస్సులో నోరు విప్పలేదు. అలాంటి సర్కిల్ మా ఊళ్లో ఒక్కటుంటే ఆ రోజు అలా అయ్యేది కాదని ముప్పై ఏళ్లయినా బాధ పోలేదు.

ఇప్పుడు నేనే పీఈటీని. మా స్కూల్లోనూ ముగ్గుపిండి సర్కిలే. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె ఉంది, భుజాల్లో మంచి బలం. 2023 హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో కిరణ్ బలియాన్ 17.36 మీటర్లతో కంచు పతకం తెచ్చింది. ఆడవాళ్ల షాట్‌పుట్‌లో 72 ఏళ్ల తర్వాత మనకి దక్కిన ఆసియా క్రీడల పతకం అది. ఆ అంకెని మా పిల్ల జామెట్రీ బాక్స్ మూత లోపల రాసుకుంది.

ధాన్యం ఆరబోయని రోజుల్లో రైస్‌మిల్లు ఆయన కళ్లంలో చోటిస్తున్నారు. తాడు కొలిచి సుద్దముక్కతో సర్కిల్ గీస్తాను. గుండు పడితే సిమెంటు పెచ్చులూడుతుంది కాబట్టి కళ్లం అంచున నిలబెట్టి, అవతలున్న ఊక కుప్ప వైపు విసిరిస్తాను. నాలుగైదు బస్తాల సిమెంటు, కాస్త కంకర, ఒక ఇనప రింగు, మేస్త్రి కూలి ఉంటే స్కూల్లోనే సర్కిల్ కట్టుకోవచ్చు. పాత విద్యార్థుల్ని అడుగుతున్నాను, ఇది చదివేవాళ్లనీ అడుగుతున్నాను.

నిన్న సాయంత్రం ఉత్త చేతులతో పదిసార్లు తిప్పించాక మూడు కిలోల గుండిచ్చాను.

"కళ్లు తిరుగుతున్నాయండి టీచర్" అంది.

"కింద చూడకమ్మా, ఆ కొబ్బరిచెట్టు కేసి చూడు" అన్నాను.

ఆరోసారికి ఎడమకాలు నిలిచింది. గుండు వెళ్లి ఊకలో ఎక్కడ పడిందో కనబడలేదు. చీకటి పడేదాకా ఇద్దరం ఊక కెలుకుతూ వెతికాం.