మిషెల్ అలోన్సో రేసు చూశాక

టోక్యో పారాలింపిక్స్‌లో మిషెల్ అలోన్సో ఈదిన 100 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్ ఫైనల్ రాత్రి మళ్లీ చూశాను. స్పెయిన్‌లోని టెనెరిఫే దీవి అమ్మాయి. మేధో వైకల్యం ఉన్నవాళ్ల విభాగంలో లండన్, రియో, టోక్యో మూడింటా ఇదే ఈవెంట్‌లో స్వర్ణం ఆమెదే. టోక్యోలో 1:12.02తో ప్రపంచ రికార్డు కూడా. తను గెలుస్తుందని తెలిసీ టెన్షన్ పడ్డాను.

నన్ను ఎక్కువగా కదిలించింది మాత్రం ఆమెకు ముందు జరిగిన కథ. 2000 సిడ్నీలో ఇదే స్పెయిన్ బాస్కెట్‌బాల్ జట్టు మేధో వైకల్య విభాగంలో స్వర్ణం గెలిచింది. జట్టులో చాలామందికి అసలు ఏ వైకల్యమూ లేదని తర్వాత బయటపడింది. పతకాలు వెనక్కి తీసుకున్నారు, సరే. కానీ ఆ విభాగం పోటీలనే ఆపేశారు. ఏథెన్స్‌లో లేవు, బీజింగ్‌లో లేవు. మోసం కొందరిది, నష్టపోయింది ప్రపంచమంతటా నిజాయితీగా సాధన చేసినవాళ్లు. ఆ పన్నెండేళ్లలో వయసు దాటిపోయిన ఈతగాళ్లు ఎంతమందో! తలచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

2012 లండన్‌లో మళ్లీ అవకాశం ఇచ్చారు. అప్పుడే, పద్దెనిమిదేళ్ల వయసులో, మిషెల్ తొలి స్వర్ణం గెలిచింది. టోక్యో ప్రారంభ వేడుకలో పారా సైక్లిస్ట్ రికార్డో టెన్‌తో కలిసి స్పెయిన్ జెండా పట్టుకుని నడిచిందీ ఆమే. అది చూసి నాకు చాలా సంతోషమేసింది.