సిస్టమ్ నాకు, సమాధానాలు మా ఆయనకి

ఖమ్మంలో ఇంట్లోనే కూర్చుని నాలుగు స్టూడియోలకి పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేస్తాను. పదకొండేళ్ళయింది. షీటుకి ఇంత అని లెక్క. పోయిన నెల ముహూర్తాల హడావుడిలో నా పాత సిస్టమ్ చేతులెత్తేసింది.

12 బై 36 అంగుళాల షీటంటే, అంగుళానికి 300 చుక్కల రిజల్యూషన్‌లో 3,600 బై 10,800 పిక్సెళ్ళు. ఒక్క లేయరే 110 ఎంబీ దాటుతుంది. దానిమీద పెళ్ళికూతురి కటౌట్, పూలు, పొగ, బంగారు బోర్డరు అన్నీ పేర్చుకుంటూ పోతే 8 జీబీ ర్యామ్ ఎక్కడ ఆగుతుంది? సేవ్ కొట్టి వంటింట్లోకి వెళ్ళి పావుకిలో బీన్స్ కోసుకొచ్చినా సగంలోనే ఉండేది. ఆ రోజు మాత్రం స్క్రాచ్ డిస్క్ (ర్యామ్ చాలనప్పుడు ఫోటోషాప్ వాడుకునే డిస్క్ జాగా) నిండిపోయిందని ఒక ముక్క చెప్పి ఫోటోషాప్ మూసుకుపోయింది. మూడు షీట్ల పని గంగలో కలిసింది. కొత్తది కొనాల్సిందేనని ఆ రాత్రే అనేశాను. లక్షా పదివేలు దాటకూడదని మా ఆయన అన్నారు. నా డబ్బులే అయినా సరేనన్నాను.

మాక్ కొనుక్కోమని ఇద్దరు చెప్పారు. నా తెలుగు అను ఫాంట్లు, పాత పేజ్‌మేకర్ ఫైళ్ళు, శుభలేఖల కోరల్ ఫైళ్ళు అన్నీ విండోస్‌లో ఉన్నాయి, వాళ్ళొచ్చి మార్చిపెడతారా? ఇంజినీరింగ్ చదివే మా అక్క కొడుకు ఒక లిస్టు పంపాడు. బడ్జెట్‌లో సగం గ్రాఫిక్స్ కార్డుకే పోయింది. అద్దాల క్యాబినెట్, రంగురంగుల లైట్లు వెలిగే ఫ్యాన్లు పెట్టాడు. మానిటర్ మాత్రం "ఏదో ఒకటి" అని రాశాడు. వాడు ఆడుకోవడానికి కావలసిన సిస్టమ్ నా డబ్బులతో రాశాడన్నమాట. కార్డు అసలు వద్దని కాదు, కెమెరా రా ఫైళ్ళలో ఏఐ డీనాయిజ్ (ఫోటోలోని గరుకుదనం తీసేయడం) చేసేటప్పుడు దాని అవసరం తెలుస్తుంది. నా పనికి మధ్యరకం చాలు.

ర్యామ్ 32 జీబీ అనుకున్నాను, అదీ 16వి రెండు. ఒకటే స్టిక్ పెడితే డ్యూయల్ ఛానల్ రాదు, అంటే రెండు దారుల్లో ఒకేసారి పనిచేసే వేగం ఉండదు. వేగంగా పనిచేసే ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ డిస్క్ ఒక టీబీ, పాత ఆల్బమ్‌లు దాచడానికి నా పాత హార్డ్ డిస్కే. ప్రాసెసర్ గురించి పెద్దగా ఆలోచించలేదు గానీ ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ ఉన్నది వద్దనుకున్నాను. దాంట్లో సొంత గ్రాఫిక్స్ ఉండదు. రేపు కార్డు పోయిందంటే, అది సర్వీసు నుంచి వచ్చేదాకా స్క్రీన్ నల్లగానే ఉంటుంది, స్టూడియో వాళ్ళ ఫోన్లు మాత్రం ఆగవు.

నేనూ మా ఆయనా రైల్లో వెళ్ళి సికింద్రాబాద్‌లో దిగి, ఆటోలో కంప్యూటర్ షాపులుండే చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కి వెళ్ళాం. ఇక్కడిదాకా అంతా బాగానే ఉంది.

మొదటి షాపులోకి అడుగుపెట్టగానే ఓనర్ మా ఆయనకి కుర్చీ వేసి, "చెప్పండి సార్, గేమింగా, ఆఫీస్ వర్కా?" అన్నాడు. "నాకేం తెలీదు, ఆవిడనడగండి" అన్నారు ఈయన. ఓనర్ నావైపు చూసి మళ్ళీ ఆయన్నే అడిగాడు: "మేడమ్‌కి ఏం కావాలట సార్? ఆన్‌లైన్ క్లాసులకా?"

కడుపు మండిపోయింది. బ్యాగులోంచి నేను చేసిన ఒక మంగళస్నానాల ప్రింటు తీశాను. ల్యాబ్ నుంచి సరిగ్గా వచ్చిన ప్రింటు అది. అదే ఫోటో పెన్‌డ్రైవ్‌లో కూడా తెచ్చుకున్నాను. ఏ మానిటర్ కొన్నా ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూశాకే కొనాలని ముందే అనుకున్నాను. పెన్‌డ్రైవ్ పెడితే వైరస్ వస్తుందని ఓనర్ ముందు ఒప్పుకోలేదు. మా ఆయన అడిగితే ఒప్పుకున్నాడు.

వంపు తిరిగిన పెద్ద మానిటర్‌లో పెట్టాడు. ప్రింటులో అమ్మాయి చెంపల మీద ముద్ద పసుపు. స్క్రీన్ మీద నిమ్మకాయ రంగు. మెరూన్ చీర ప్లాస్టిక్ బకెట్‌లా మెరుస్తోంది. కొంచెం పక్కకి జరిగితే ముఖం పాలిపోయింది. ఇది కాదు, పక్కనుంచి చూసినా రంగు మారని ఐపీఎస్ ప్యానెల్‌లో వంద శాతం ఎస్‌ఆర్‌జీబీ (స్క్రీన్ ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలత) ఉన్నది కావాలన్నాను. ఒక కుర్రాడు ఇంకో డబ్బా తెచ్చాడు. దానిమీద ఎన్‌టీఎస్‌సీ 72 శాతం అని ఉంది.

"72 ఎవరికి కావాలి? నేను వంద అడిగాను" అన్నాను, షాపంతా వినబడేలా.

ఓనర్ పగలబడి నవ్వాడు. "మేడమ్ యూట్యూబ్ చూసి ప్రిపేరై వచ్చారు సార్!" పక్కన కీబోర్డు కొనడానికొచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు కూడా నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో నాకు అర్థం కాలేదు. డబ్బా తెచ్చిన కుర్రాడే నెమ్మదిగా, "అక్కా, రెండూ వేరే కొలతలు. ఎన్‌టీఎస్‌సీ 72 అంటే మీరడిగిన ఎస్‌ఆర్‌జీబీ వందకి దాదాపు సమానం. 45 అని ఉన్నవి తీసుకోకండి, చవక ల్యాప్‌టాప్‌లలో అవే ఉంటాయి" అన్నాడు.

నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పదకొండేళ్ళుగా రంగులతోనే బతుకుతున్నాను. ఎన్ని వందల మంది పెళ్ళికూతుళ్ళ ముఖాలు సరిచేశానో లెక్కలేదు. జిల్లాలో స్కిన్ టోన్ నా అంత బాగా ఎవరూ తీయరని స్టూడియో వాళ్ళే అంటారు. అలాంటిది డబ్బా మీద ఉన్న ఒక్క అంకె తెలియక పదిమందిలో నవ్వులపాలయ్యాను. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ చెప్పే పద్ధతి ఒకటుంటుంది కదా? ఆ పిల్లాడికి తెలిసిన మర్యాద ఓనర్‌కి తెలియలేదు. పైగా ఆ మానిటర్ మంచిదే. అయినా తీసుకోలేదు. ఆయన గల్లాలో నా డబ్బు పడటం నాకిష్టం లేదు. కొటేషన్ కోసం మా ఆయన నంబరు రాసుకుని మరీ పంపించాడు.

రెండంతస్తుల పైన ఇంకో చిన్న షాపులో అదే మోడల్ మానిటర్ ఆరు వందలు ఎక్కువకి తీసుకున్నాను. నా పౌరుషం ఖరీదు అంతేలెండి. సిస్టమ్ కూడా అక్కడే కట్టించాను. బిల్లు లేకుండా అయితే తగ్గిస్తామని వాళ్ళూ అడిగారు. 18 శాతం జీఎస్‌టీ అంటే నాకూ బాధే, కానీ వారంటీకి వెళ్ళినప్పుడు చూపించడానికి కాగితం ఉండాలి. డబ్బులు కట్టేముందు టాస్క్ మేనేజర్ తెరిచి ర్యామ్ రెండు స్లాట్లలోనూ ఉందో లేదో నేనే చూసుకున్నాను. ఈ ఒక్క పని మాత్రం ఎవరూ మానొద్దు. ఎస్‌ఎమ్‌పీఎస్ (సిస్టమ్‌కి కరెంటు అందించే పెట్టె) దగ్గర కూడా పిసినారితనం చేయకండి. కరెంటు వచ్చి పోయే ఊళ్ళలో ముందు పోయేది అదే.

ఇంటికొచ్చాక ఇంకో తిప్పలు. మానిటర్ బ్రైట్‌నెస్ కంపెనీ నుంచి వందలో వచ్చింది. అలాగే పనిచేసి పంపితే ల్యాబ్ నుంచి ప్రింట్లన్నీ చీకటిగా వస్తాయి. మంగళస్నానాల ప్రింటు పక్కన పెట్టుకుని తగ్గిస్తూ వెళ్ళాను. 35 దగ్గర చెంపల పసుపు సరిగ్గా కలిసింది.

మొన్న మొదటి షీటు సేవ్ కొట్టి అలవాటుగా వంటింటికి లేచాను. గుమ్మం దాటకముందే అయిపోయింది. బీన్స్ కోయడానికి ఇప్పుడు వేరే టైమ్ చూసుకోవాలి.

ఇవాళ పొద్దున ఆ మొదటి షాపు ఓనర్ మా ఆయనకి ఫోన్ చేశాడు. "సార్, సిస్టమ్ సంగతి ఏం డిసైడ్ అయ్యారు?" అన్నాడట. "ఆవిడ పక్కనే ఉంది, ఇస్తున్నా" అని ఈయన ఫోన్ నా చేతికిచ్చారు. హలో అన్నాను. అవతల పెట్టేశాడు.