పాత డ్రైవర్లు తీసేస్తే సిస్టమ్ త్వరగా ఆన్ అవుతుందా? నా అనుభవం

"సార్, ఒక్క నిమిషం, సిస్టమ్ ఆన్ అవుతోంది." పొద్దున్నే ఫోన్ ఎత్తగానే ఈ మాట నాకు ఊతపదం అయిపోయింది. మల్కాజిగిరిలో ఇంటి ముందుగదే నా ఆఫీసు, నాలుగైదు చిన్న కంపెనీల లెక్కలు, జీఎస్టీ రిటర్నులు చూస్తుంటాను. కంప్యూటర్ 2016లో అసెంబుల్ చేయించింది, ఐ3 ప్రాసెసర్, మామూలు హార్డ్ డిస్క్, విండోస్ 10. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకి తీసుకెళ్తే షాపతను బాక్స్ కూడా తెరవకుండా "ఫార్మాట్ కొట్టిస్తే అయిపాయె గదన్నా, లేదంటే ఎస్‌ఎస్‌డీ ఏసుకో" అన్నాడు. ఎస్‌ఎస్‌డీ అంటే హార్డ్ డిస్క్ బదులు పెట్టుకునే, దానికన్నా చాలా వేగమైన డిస్క్. ఫార్మాట్ కొట్టించడం తేలికే, తర్వాత ట్యాలీ, ప్రింటర్లు, డిజిటల్ సంతకం టోకెన్ (సంతకం సర్టిఫికెట్ ఉండే యూఎస్‌బీ ముక్క) అన్నీ మళ్లీ ఎక్కించుకోవాల్సింది నేను కదా.

డ్రైవర్లంటే ప్రింటర్, మౌస్ లాంటి వస్తువుల్ని విండోస్‌తో పని చేయించే చిన్న ప్రోగ్రాములు. వాడని డ్రైవర్లు తీసేస్తే బూటింగ్, అంటే సిస్టమ్ ఆన్ అవడం, తేలికవుతుందని ఎవరో చెబితే, పై పోర్షన్‌లో అద్దెకుండే బీటెక్ కుర్రాణ్ని పిలిచాను. వాడు మొదట అన్నమాట: "ముందు టైమ్ చూసుకోండి అంకుల్, కానీ షట్‌డౌన్ చేసి ఆన్ చేస్తే లెక్కలోకి రాదు, రీస్టార్ట్ కొట్టండి." ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినప్పుడు కెర్నల్‌నీ (విండోస్ గుండెకాయ లాంటి భాగం), డ్రైవర్లనీ ఉన్నవి ఉన్నట్టు డిస్క్ మీద దాచి పొద్దున్న అక్కణ్ణుంచే లేపుతుందట, రీస్టార్ట్‌లో మాత్రమే అన్నీ మొదటి నుంచి ఎక్కుతాయి. ఇన్నేళ్లుగా నాకు తెలియదు. విండోస్‌లో జరిగినవన్నీ నమోదయ్యే ఈవెంట్ వ్యూయర్‌లో డయాగ్నస్టిక్స్-పెర్ఫార్మెన్స్ అనే లాగ్ ఉంది, అందులో ఈవెంట్ నంబర్ 100 తెరిస్తే బూట్ డ్యూరేషన్ మిల్లీసెకన్లలో కనిపిస్తుంది. మూడుసార్లు రీస్టార్ట్ చేసి చూస్తే సగటున 160 సెకన్లు.

ఏదైనా తేడా వస్తే పాత సెట్టింగులకి వెనక్కి వెళ్లేలా రీస్టోర్ పాయింట్ పెడదామంటే, సి డ్రైవ్‌కి అందుకు కావాల్సిన సిస్టమ్ ప్రొటెక్షనే ఆఫ్‌లో ఉంది. ఆన్ చేసి ఒక పాయింట్ పెట్టుకున్నాను, ఇది మాత్రం మానకండి.

తర్వాత, కంప్యూటర్‌కి తగిలించిన వస్తువుల జాబితా ఉండే డివైజ్ మేనేజర్‌లో వ్యూ మెనూకి వెళ్లి షో హిడెన్ డివైసెస్ నొక్కితే పాత ట్రంకు పెట్టె తెరిచినట్టయింది. ఎప్పుడో పారేసిన ఇంటర్నెట్ డాంగిల్, మా అమ్మాయి పాత ఫోను, అమ్మేసిన రెండు ప్రింటర్లు, టీవీ ట్యూనర్ కార్డు, అన్నీ వెలిసిపోయిన బొమ్మల్లా గ్రే రంగులో వరుసగా ఉన్నాయి, ఇప్పుడు తగిలించి లేనివి అలా కనిపిస్తాయట. ఒకే మౌస్ నాలుగుసార్లు ఉంది, ఏంట్రా అంటే సీరియల్ నంబర్ లేని యూఎస్‌బీ వస్తువుని వేరే పోర్టులో పెట్టినప్పుడల్లా విండోస్ దాన్ని కొత్తదనుకుని ఇంకో పేరు రాసుకుంటుందట. నాకు ఊపొచ్చింది. ఒక్కోదాని మీద రైట్ క్లిక్, అన్‌ఇన్‌స్టాల్, డ్రైవర్ కూడా తీసేయమంటూ టిక్ ఉంటే ఆ టిక్కూ పెట్టడం, గంటన్నరలో 43 తీసేశాను. వాడేమో "చూసి తీయండి అంకుల్" అంటూనే ఉన్నాడు.

రీస్టార్ట్. 157 సెకన్లు. మళ్లీ చేస్తే 161.

నా మొహం చూసి వాడు నవ్వాడు. తగిలించి లేని వస్తువు డ్రైవర్ చాలావరకు డిస్క్ మీద ఊరికే పడి ఉంటుంది తప్ప బూటింగ్‌లో ఎక్కదట, అది తీసేస్తే కాస్త జాగా మిగులుతుంది అంతే. మరి ఈ ముక్క గంటన్నర ముందు చెప్పొచ్చుగా! వస్తువు ఉన్నా లేకపోయినా ప్రతిసారీ ఎక్కే డ్రైవర్లు వేరే, విండోస్ తన సెట్టింగులు రాసుకునే రిజిస్ట్రీలో వాటి స్టార్ట్ విలువ 0, 1, 2ల్లో ఏదో ఒకటి ఉంటుంది. 3 అంటే అవసరమైతేనే, 4 అంటే ఆపేసినట్టు.

వాటిని చూడ్డానికి మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఆటోరన్స్ అనే ఉచిత టూల్ ఉంది. అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, మైక్రోసాఫ్ట్‌వి దాచేసి డ్రైవర్స్ ట్యాబ్ చూస్తే దొంగలు అక్కడ దొరికారు. మూడేళ్ల కిందట తీసేశాననుకున్న యాంటీవైరస్‌వి రెండు, సీడీ లేకుండా సీడీ నడిపే సాఫ్ట్‌వేర్‌ది ఒకటి. ఆ యాంటీవైరస్ డ్రైవర్లు ఫైల్ తెరిచిన ప్రతిసారీ మధ్యలో దూరే రకం, అసలు సాఫ్ట్‌వేర్ పోయినా ఇవి మాత్రం రోజూ డ్యూటీకి వస్తున్నాయి.

విండోస్ ఫైళ్లుండే సిస్టమ్32 ఫోల్డర్‌లోకి వెళ్లి ఆ ఫైళ్లు డిలీట్ చేసేద్దామని నేను లేచాను, వాడు చెయ్యి పట్టుకున్నంత పని చేశాడు. ఇలాంటివి డిస్క్‌కో సీడీ డ్రైవ్‌కో ఫిల్టర్‌గా, అంటే మధ్యలో జల్లెడలా, తగులుకుని ఉంటాయి, పేరు రిజిస్ట్రీలో ఉండి ఫైల్ మాయమైతే ఆ డివైజే పనిచేయదు, అది బూట్ అయ్యే డిస్కే అయితే విండోస్ ఎక్కక నీలం స్క్రీనే. యాంటీవైరస్ వాటికి ఆ కంపెనీ వాళ్ల క్లీనప్ టూల్ తెచ్చి నడిపించాం, సీడీ దానికి అన్‌ఇన్‌స్టాలర్ ఇంకా ఉంది. ఒక్కొక్కటి తీయడం, రీస్టార్ట్ చేయడం, చూడడం. చివరికి 104 సెకన్ల దగ్గర ఆగింది.

అంతా బాగుందనుకుని నిద్రపోయాను. మర్నాడు 20వ తేదీ, నెలనెలా వేసే జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-3బీకి ఆఖరి రోజు. ఒక ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీది ఫైల్ చేయాలి, వాళ్లకి డిజిటల్ సంతకం ఉండాల్సిందే. టోకెన్ పెట్టాను, లైటు వెలిగింది, సర్టిఫికెట్ మాత్రం రాలేదు. తీసి పెట్టాను, పోర్టు మార్చాను, ఊహూఁ. అప్పుడు వెలిగింది నాకు: నెలకోసారి పెట్టే టోకెన్ కాబట్టి అదీ గ్రే రంగులోనే ఉండి ఉంటుంది, ఆ 43లో దాన్నీ టిక్కు పెట్టి మరీ ఊడ్చేశాను. రోజుకి 50 రూపాయల లేటు ఫీజు కన్నా, వాళ్ల డైరెక్టర్‌కి ఏం చెప్పాలా అన్నదే టెన్షన్.

టోకెన్ అమ్మినతనికి ఫోన్ చేస్తే వాట్సాప్‌లో లింకు పంపాడు, దించి ఎక్కించి, సాయంత్రం నాలుగున్నరకి ఫైలింగ్ అయింది. ఆ సాఫ్ట్‌వేర్ తిరిగి వచ్చాక బూటింగ్ 109 సెకన్లు. ఆ ఐదు సెకన్లని నేను ముట్టుకోను. ఎస్‌ఎస్‌డీకి మాత్రం వచ్చే నెల సీటీసీ వెళ్లాల్సిందే, ఆ షాపతనికి ఇవేవీ చెప్పను.